మూత పెట్టిన టెలిస్కోపు

పొద్దు గుంకాక కాసేపే ఆ పని. కింద చీకటి పడుతుంది గాని, అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది. ఉపగ్రహాన్ని వదిలేసి పైనే ఉండిపోయిన రాకెట్ ఖాళీ డొక్కు ఒకటి ఆ ఎండలో పల్టీలు కొడుతూ, పల్టీకోసారి తళుక్కుమంటుంది. ఆఫీసు మేడ మీది గదిలో తమ్ముడు టెలిస్కోపుకి కన్ను ఆనించి "మెరిసింది" అంటాడు. అక్క చేతిలో ఉన్న బటన్ నొక్కుతుంది. పల్టీల వేగం కంప్యూటర్ లెక్క కడుతుంది.

ఈమధ్య ఆ వేగం పెరుగుతోంది. ఇంజను చచ్చింది, ఇంధనం లేదు, తోసే దిక్కు లేదు. పెరగడమేమిటి? వీడు చూడకుండానే కాకిలెక్కలు చెబుతున్నాడని అక్కకి అనుమానం. ఎన్ని ఉద్యోగాలు ఊడగొట్టుకున్నాడో వాడికే గుర్తులేదు. పై అధికారి కాళ్ళావేళ్ళా పడి ఆవిడే ఇక్కడ పెట్టించింది. ఇదీ పోతే వాడిక మనిషి కాలేడని ఆవిడ భయం. అందుకే చెవి మెలేసి అడిగే ముందు రుజువు కావాలనుకుంది.

ఆ సాయంత్రం గదిలో ఒకటే ఉక్క. వేడెక్కిన ఇనుము వాసన. వాడు కన్ను ఆనించగానే, అక్క చప్పుడు కాకుండా వెళ్ళి టెలిస్కోపు ముందు మూత పెట్టేసింది.

"మెరిసింది."

దొరికాడు దొంగ, అనుకుంది. కోపంతో పాటు ఏడుపూ వచ్చింది. ఏం చెయ్యాలో తోచక, తెరిచి ఉన్న పైకప్పులోంచి ఆకాశం చూసింది. డొక్కు ఉత్తి కంటికే కనబడుతోంది.

"మెరిసింది."

పైన మెరిసింది.

"మెరిసింది."

మళ్ళీ... సరిగ్గా అప్పుడే.

డొక్కు భూమి నీడలోకి జారింది. ఇక ఎండ తగలదు, కనబడకూడదు. రోజూ ఈపాటికి వాడే ముందు లేచి చెప్పులు వెతుక్కునేవాడు.

ఇవాళ లేవలేదు.

"మెరిసింది," అన్నాడు గుసగుసగా.

ఆ నీడలో... మెరిసింది.

"చాల్లేరా, లే," అంది అక్క.

"అది ఆపనివ్వడం లేదక్కా."

రెండు చేతులా పట్టి లాగేసింది. వాడు బరువే లేనట్టు వచ్చి ఒళ్ళో పడ్డాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే పట్టుకున్నట్టే పొదివి పట్టుకుంది. అనుమానించినందుకు సిగ్గేసింది. ఉద్యోగం పోతే పోయింది, వీడు దక్కాడు చాలు అనుకుంది.

"చలేస్తోంది, ఇంటికి పోదాం," అన్నాడు.

ఇంత ఉక్కలో చలేమిటని వాడి మొహం తనవైపు తిప్పుకుంది. టెలిస్కోపుకి ఆనించిన ఆ ఒక్క కంటి రెప్పల మీదే తెల్లగా మంచు పేరుకుని ఉంది. బొటనవేలితో తుడిచింది.

కరగలేదు.