ఏడో వరుస తర్వాత

చీకటి పడ్డాక ఆ అద్దకం షెడ్డు వైపు ఎవరూ పోరు. కుక్కలు కూడా మలుపు దాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతాయి. రాత్రిపూట లోపల బల్ల మీద అచ్చు పడ్డ చప్పుడు వినిపిస్తుందట. ధప్... అని. ఆ అచ్చు వేసే మనిషి పోయి రెండేళ్లయింది.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ షెడ్డుకి చెడ్డపేరు దానంతట అది రాలేదు. ఒక మనిషి పనిగట్టుకుని తెచ్చిపెట్టాడు. అతను గైడు.

పట్నం నుంచి ఆరుగురో ఏడుగురో మనుషుల్ని వ్యానులో తీసుకొచ్చి, ఊళ్లల్లో చేతిపనులు చూపించడం అతని ఉద్యోగం. పొద్దున కుమ్మరి చక్రం, మధ్యాహ్నం బుట్టలల్లేవాళ్ల వాకిలి, సాయంత్రం అద్దకం. చూపించేది గోరంతైనా చెప్పేది కొండంత. నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే వాళ్ల మామయ్య చిన్నప్పుడే అతనికి ‘మాటలమూట’ అని పేరు పెట్టాడు.

ఆ షెడ్డు ఈ మామయ్యదే. చెక్క అచ్చుతో గుడ్డ మీద పువ్వులు అద్దడంలో ఆ చెయ్యికి సాటి లేదు. ఆ పని ఇద్దరు చేసేది. నల్లరంగుతో పువ్వు గీత వేసేది ఒకరు, వెనకాలే ఎర్రరంగు నింపేది ఇంకొకరు. గీత అచ్చు వెన్ను మీద పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తే చాలు. రంగు అచ్చు అడుగున మందంగా ఉన్ని ఉంటుంది కాబట్టి దానికి రెండు దెబ్బలు పడాలి. గీత మామయ్యది, రంగు అత్తయ్యది. ముప్పయ్యేళ్లు ఆ ఇంట్లో ఒక దెబ్బ, వెంటనే రెండు దెబ్బలు... ఆ చప్పుడుకే పిల్లలు నిద్రపోయేవాళ్లు, ఆ చప్పుడుకే లేచేవాళ్లు.

మేనల్లుణ్ణి పక్కన నిలబెట్టుకుని మామయ్య పదేళ్లు పని నేర్పాడు. నేర్చుకున్నవాడు ఒకరోజు, "రోజంతా బల్లని గుద్దుకుంటూ ఎన్నాళ్లు మామయ్యా? నాలుగు కబుర్లు చెప్పుకున్నా బతుకుతాను" అని వెళ్లిపోయాడు. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అచ్చు పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డాడు, అంతే. తిట్టినా బాగుండేదని అతను తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

మామయ్య పోయింది కూడా పని మీదే. పొడవాటి గుడ్డ మీద ఏడో వరుస పూర్తిచేసి, ఎనిమిదో వరుసకి అచ్చు ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే బల్ల మీదికి ఒరిగిపోయాడు. ఆ గుడ్డ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత మేనల్లుడు షెడ్డు గడప తొక్కలేదు. టూరు మనుషులకి బయటినుంచే చూపించి తీసుకుపోయేవాడు.

ఒకసారి ఒకావిడ, "లోపలికి ఎందుకు పోకూడదు?" అని అడిగింది.

నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. అలాగని నోరు ఊరుకోనూ లేదు.

"రాత్రిళ్లు మా మామయ్య వస్తాడండీ... సగంలో ఆగిన గుడ్డ పూర్తిచేయాలిగా," అనేశాడు.

ఆవిడకి ఒళ్లు జలదరించింది. ఆ టూరు మొత్తంలో అందరికీ నచ్చింది అదొక్కటే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇదైతే బంకపెట్టినట్టు అతుక్కుంది. ఇక ప్రతి బృందానికీ అదే వరస. భోజనాలయ్యాక టార్చీలు ఆర్పించి, షెడ్డు ముందు నిలబెట్టి, గొంతు తగ్గించి...

షెడ్డు వెనక గదిలో అత్తయ్య పడుకుంటుందనీ, ఆ గోడకి కిటికీ ఉందనీ అతనికి తట్టనే లేదు.

ఈ కథ జరిగిన రోజు పొద్దున మరదలు ఫోన్ చేసింది. అత్తయ్య కూతురు.

"బావా, కప్పు దూలం పగిలింది, తెలుసా నీకు? ఒక్క గట్టి వాన పడితే మొత్తం కూలుతుంది. అమ్మకి ఇక్కడ గది సర్దిపెట్టి మూడు నెలల నుంచి రమ్మంటున్నా. రానంటోంది."

"ఏం, ఎందుకట?"

"‘మీ నాన్న రాత్రిళ్లు వస్తున్నాడే, మీ బావే అందరికీ చెబుతున్నాడుగా, ఆయన్ని వదిలి ఎలా రాను’ అంటుంది... ఇదీ వరస! కథ కట్టింది నువ్వు. విప్పాల్సింది కూడా నువ్వే. ఆ కప్పు మా అమ్మ మీద పడిందంటే మాత్రం, నీ ముఖం చూడను బావా."

అతను ఫోన్ పెట్టేశాడు. ఎవరినో మురిపించడానికి అన్న మాట, కన్నతల్లిలా సాకిన మనిషిని కూలిపోయే కప్పు కింద కట్టేసిందే అని సిగ్గుపడ్డాడు. రేపు పొద్దున్నే వెళ్లి, కాళ్లు పట్టుకునైనా నిజం చెప్పేయాలనుకున్నాడు. రేపు పొద్దున్నే. ఈ రాత్రికి ధైర్యం చాల్లేదు.

రాత్రి భోజనాలయ్యాయి. "ఇవాళ్టికి పడుకుందామండీ" అన్నాడు. వాళ్లు ఒప్పుకుంటేనా! ఆరుగురిలో మెడలో కెమెరా వేలాడేసుకున్న ఒకాయన ఉన్నాడు. "దెయ్యం షెడ్డు ఉందటగా? దానికోసమే కదండీ వచ్చింది," అని పట్టుబట్టాడు. రిటైరైన ఒక టీచరమ్మ మాత్రం, "ఆయనకి ఒంట్లో బాగోనట్టుంది, వదిలేయండి," అంది. ఐదుగురి ముందు ఆవిడ మాట చెల్లలేదు.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. ఉరుము మాత్రం ఎక్కడో దూరంగా మూలుగుతోంది. షెడ్డు ముందు అందరూ టార్చీలు ఆర్పారు.

అతను గబగబా నాలుగు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాడు. "మా మామయ్య ఏడో వరుస దగ్గర..."

ధప్.

అతను షెడ్డు వైపు తిరిగాడు.

కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత...

ధప్ ధప్.

ఐదుగురు ఆనందంతో ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. కెమెరా ఆయన అతని చెవిలో, "భలే ఏర్పాటండీ! స్పీకరు ఎక్కడ పెట్టారు?" అని గుసగుసలాడాడు.

వాళ్లకి ముచ్చట. అతనికి ముచ్చెమటలు. ఎందుకంటే అది అబద్ధమని తెలిసినవాడు అక్కడ అతనొక్కడే. ఊళ్లో ఎవరు విన్నామన్నా తన కథ మహిమేలే అనుకునేవాడు, తను మాత్రం ఒక్కసారీ వినలేదు.

"బాబూ," అంది టీచరమ్మ మెల్లగా. "మాట మధ్యలోనే ఆపేశావు. ఇది నువ్వు పెట్టింది కాదు కదూ?"

అతను తల అడ్డంగా ఊపాడు.

ధప్... ధప్ ధప్.

లోపల అత్తయ్య ఉంది. పైన పగిలిన దూలం ఉంది. ఆ రెండూ గుర్తొచ్చేసరికి కాళ్లు వాటంతటవే కదిలాయి. "ఎవరూ రాకండి," అని చెప్పి, రెండేళ్లుగా తొక్కని గడప దాటాడు.

బల్ల చివర చిన్న దీపం. దీపం పక్కన, చీర చెంగు నడుముకి బిగించి, రంగు అచ్చు పట్టుకుని... అత్తయ్య.

"వచ్చావా మాటలమూటా," అంది తల ఎత్తకుండానే.

పోయిన ప్రాణం లేచొచ్చింది అతనికి. దెయ్యం లేదు, భూతం లేదు. ఊరంతా విన్న చప్పుడు ఈ ముసలమ్మ పిడికిలిది! నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. లేని మొగుడి కోసం చీకట్లో ఒంటరిగా బల్ల గుద్దుకుంటోంది అత్తయ్య. అదంతా తన నోటి పుణ్యమే.

"అత్తయ్యా... అదంతా నేను కల్పించింది. మామయ్య రాడు. నేనే... ఊరికే, వచ్చినవాళ్ల సరదా కోసం..."

"తెలుసురా."

"తెలుసా?"

"నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని. అబద్ధమాడేటప్పుడు నువ్వు గొంతు తగ్గిస్తావు. మొదటిరోజు కిటికీలోంచి విని నవ్వుకున్నాను." ఆవిడ అచ్చు మీది రంగు చూసుకుంది. "కానీ ఒక్కసారితో ఊరుకున్నావా? వస్తాడు, వస్తాడు అని ఎన్ని రాత్రులు చెప్పావు! అన్నిసార్లు పిలిస్తే ఎవరైనా ఎంతకాలం రాకుండా ఉంటారు? ఒకరాత్రి వచ్చాడు."

పైన దూలం కిర్రుమంది. బల్ల మీదికి మట్టి రాలింది.

"అత్తయ్యా, ముందు బయటికి రా. అమ్మాయి నీకోసం ఎదురుచూస్తోంది."

"నాకు మాత్రం పోవాలని లేదా? మనవరాలు నడుస్తోందట, ఇంకా చూడనేలేదు." ఆవిడ దీపం వత్తి ఎగదోసింది. "కానీ ఆయన సంగతి నీకు తెలుసుగా. గీత వేసి నిలబడతాడు. వెనక రంగు పడితే గానీ అడుగు ముందుకి వేయడు. నేను పోతే ఎవరు నింపుతారు? ఆయన్ని అలా అచ్చు చేత్తో పట్టించి, చీకట్లో నిలబెట్టి పోనా?"

మతి చలించింది పాపం, అనుకున్నాడు అతను. ఇప్పుడు వాదించే సమయం కాదు. పసిపిల్లలకి చెప్పినట్టే చెప్పాలి.

"నేను నింపుతాలే అత్తయ్యా. నువ్వెళ్లు."

"మాటేనా?"

"మాటే," అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు.

అత్తయ్య అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. చేతిలో ఉన్న అచ్చుని చివరిసారిగా గుడ్డ మీద ఆన్చి, ధప్ ధప్ మని రెండు దెబ్బలు వేసింది. తర్వాత దాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నేనొక్కదాన్నే కాదురా విన్నది. గుర్తుంచుకో."

వాకిట్లో టీచరమ్మ ఆవిడ చెయ్యి అందుకుంది. "రండమ్మా, మా బసలో పడుకుందురుగాని. పొద్దున్నే మీ అమ్మాయి దగ్గర దింపుతాం." ఇద్దరి అడుగులూ దూరమయ్యాయి.

గెలిచాననుకున్నాడు అతను. పోతూ పోతూ దీపం ఆర్పి, టార్చి వేసి గుడ్డ వైపు ఒక్కసారి చూశాడు.

ఏడు వరుసలు తనకి తెలుసు. ఎనిమిది... తొమ్మిది... పదిహేను... ఇరవై రెండో వరుసలో నాలుగు పువ్వులు. అన్నిటికీ నల్లగీత, లోపల ఎర్రరంగు. ఎంత కష్టపడ్డావు అత్తయ్యా, రెండు పనులూ నువ్వే చేసుకుంటూ... అనుకుంటూ ఆగాడు.

తన చేతిలో అచ్చు పెట్టిన వేళ్లు గుర్తొచ్చాయి. గోళ్ల సందుల్లో కూడా ఎరుపే. నల్లచుక్క ఒక్కటి లేదు.

అత్తయ్య జన్మలో గీత అచ్చు పట్టలేదు.

చివరి పువ్వు గీత మీద వేలు పెట్టాడు. వేలికి నలుపు అంటింది... తడిగా.

అచ్చు అక్కడే పడేసి పరుగెత్తాలి. గుమ్మం ఎంతో దూరం లేదు, నాలుగడుగులు. రెండడుగులు వేశాడు కూడా.

వెనక నుంచి... ధప్.

టార్చి తిప్పాడు. ఇందాక తెల్లగా ఉన్నచోట కొత్త పువ్వు. నల్లగీత మాత్రమే. లోపల ఖాళీ.

ఇంకో చప్పుడు లేదు. ఊపిరి లేదు, నీడ లేదు. ఎవరో ఎదురుచూస్తున్నంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అతనికి కొత్త కాదు. ‘కబుర్లు చెప్పుకున్నా బతుకుతాను’ అని తను వెళ్లిపోయిన రోజు, వీపు వెనక ఉన్నది ఇదే.

"ఏమండీ, అయిపోయిందా?" బయటినుంచి కెమెరా ఆయన కేక. జన్మలో మొదటిసారి చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు.

వెనక్కి నడిచాడు. అచ్చుని ఎర్రరంగులో ముంచాడు. గీతకి గీత సరిపోయేలా ఆన్చాడు. చెయ్యి ఏదీ మరిచిపోలేదు.

ధప్ ధప్.

చీకట్లో, బల్ల పక్కన, ఎవరో ఒక అడుగు ముందుకి జరిగారు.