సత్యకంటె

కొండగుహ ముందు నిలబడి సౌగంధి రోజూ చెప్పే మాటే చెప్పింది: "అణుబాంబులు ఉన్నచోటే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు." మెడలోని సత్యకంటె పచ్చగా వెలిగింది. సరిహద్దుకవతల, పొరుగుదేశపు కాపలాదారు మెడలోనూ అదే రంగు. ఇక రెండు దేశాల జనమూ నిశ్చింతగా కాఫీలు తాగొచ్చు.

బాంబులు కదపకూడదని రెండు దేశాలకీ ఒప్పందం కుదిరాక ఉపగ్రహాలనీ సంతకాలనీ ఎవరూ నమ్మలేదు, ఈ కంటెనే నమ్మారు. కాపలా మనిషి గొంతులో అబద్ధం పలికితే అది ఎర్రబడుతుంది. ఎర్రబడిందా, అవతల క్షిపణుల బండ్లు బయల్దేరతాయి, ఊళ్ళు ఖాళీ అవుతాయి. అబద్ధం బాంబు గురించా బంధువు గురించా అన్నది దానికి తెలియదు. అదీ దాని తెలివి! కొలువున్నన్నాళ్ళూ కంటె తీయకూడదు, కొండ దిగకూడదు.

పాపం, సౌగంధికి మనుషులు మిగల్లేదు. చుట్టాలు ఫోనులో కొత్త చీర చూపిస్తే "బాగోలేదు" అనాల్సొచ్చేది. పెళ్ళి కుదిరినవాడు "నేనంటే ఇష్టమేనా?" అనడిగితే, ఆలోచించి "ఇంకా తెలీదండీ" అంది. ఆయన మళ్ళీ ఫోను చేస్తే ఒట్టు. బొత్తిగా అబద్ధమాడని మనిషితో ఎవరు కాపురం చేస్తారు చెప్పండి? ఒక్క రాజ్యమక్క మాత్రం విసుగులేకుండా రోజూ మాట్లాడేది. ఆ గొంతు కోసమే సౌగంధి తెల్లారి లేచేది.

ఆ పొద్దున అక్క పాలకొల్లు ఆసుపత్రి మంచం మీంచి తెరలో కనపడింది. ఇక రోజుల్లోకి వచ్చిందని డాక్టరు సౌగంధికి ముందే చెప్పాడు. అక్కకి చెప్పొద్దన్నాడు.

"నాకు తగ్గుద్దంటావటే?"

"తగ్గుతుంది" అన్న ఒక్క మాటకి, అవతల తల్లులు పసిపిల్లల్ని చంకనేసుకుని నేలమాళిగలకి పరిగెత్తాలి. "మందులు సరిగా వేసుకో అక్కా," అంది చివరికి.

"వేసుకుంటాలే. ఐసీయూలోకి తీసుకెళ్తారంట. అక్కడ ఫోనులుండవు. వెళ్ళొస్తానే మరి."

అలా అన్నవాళ్ళకి మనమేమంటాం? ఊహ తెలిసినప్పటి నుంచీ నాలుక మీదున్న మాటే కదా. "వెళ్ళిరా అక్కా."

కంటె భగ్గున ఎర్రబడింది.

గుహంతా గంటలు మోగాయి. తెరలో అక్క పక్కన అవతలి తనిఖీ అధికారి ముఖం ప్రత్యక్షమైంది. ఒప్పందం ప్రకారం సంగతి తేలేదాకా లైను తెగదు. ఆయన మాటల్ని యంత్రం తెలుగు చేసి వినిపించింది: "మీరు 'వెళ్ళిరా' అన్నారు. ఇందులో అసత్యమేది? మా బండ్లు కదులుతున్నవి."

"అయ్యా, అది మా మర్యాద మాటండీ."

"అది సమాధానము కాదు. అసత్యమేది?"

"ఆవిణ్ణి వెళ్ళనివ్వండి, తర్వాత చెప్తాను."

"వ్యవధి లేదు."

సౌగంధి అక్క వైపు చూడలేక కళ్ళు మూసుకుంది. "'రా' అన్నదండీ. మా అక్క ఇక రాదు."

కంటె పచ్చబడింది. అవతల బండ్లు ఆగాయి. అధికారి తల దించుకుని, "క్షమించండి," అని తెరలోంచి తప్పుకున్నాడు.

అక్క ఇంకా అక్కడే ఉంది.

"నాకు తెలుసే పిచ్చిదానా," అంది మెల్లిగా. "నీ నోటంట వినకుండా పోదామనుకున్నాను."