టోపీ బటన్

"ఏమే తూనీగా! మన విమానం కింద సముద్రముందా, రన్‌వే ఉందా? నాకు అంతా నీలంగానే కనిపిస్తోంది!"

అమ్మమ్మ కేక విని తూనీగ లెక్కల పుస్తకం మూసేసి పరుగెత్తుకొచ్చింది.

"సముద్రమే అమ్మమ్మా. కిందికి చూడు, పడవ కూడా ఉంది."

"ఆగు ఆగు, చూస్తాను."

అమ్మమ్మ జాయ్‌స్టిక్ కర్ర కొసన ఉన్న చిన్న గుండ్రటి బటన్‌ని బొటనవేలితో కదిపింది. కంప్యూటర్ తెర మీద చూపు మెల్లగా కిందికి దిగింది. విమానం రెక్క కింద ఒక తెల్ల పడవ, దాని వెనకాల నురగ.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంది అమ్మమ్మ.

తూనీగ అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కుదురుగా కూర్చోదు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ పేరు పెట్టారు. చదివేది ఆరో తరగతి. ఇక విమానమంటారా, అది నిజం విమానం కాదు. ఫ్లైట్ సిమ్యులేటర్ అనే కంప్యూటర్ ఆట. ఇంట్లో కుర్చీలో కూర్చునే నిజం విమానం నడిపినట్టు నడపొచ్చు.

అమ్మమ్మ ముప్పై అయిదేళ్ళు టైలరుగా పనిచేసింది. ఆ వీధిలో చాలామంది పిల్లల స్కూలు యూనిఫారాలు ఆమె మిషన్ మీద కుట్టినవే. వంగి కుట్టీ కుట్టీ మెడ ఎముకలు అరిగిపోయాయి. రెండేళ్ళ కిందట ఆపరేషన్ చేసి లోపల చిన్న ప్లేటు బిగించారు. నొప్పి పోయింది. దాంతోపాటు మెడ తిరగడం కూడా పోయింది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి.

"బీరువాని జరిపినట్టు జరగాలే నేను," అని తనమీద తనే జోకు వేసుకునేది.

మావయ్య కంప్యూటర్లు బాగుచేస్తాడు. అమ్మమ్మకి పొద్దుపోవడం లేదని ఒకరోజు ఈ ఆటా, జాయ్‌స్టిక్కూ పట్టుకొచ్చాడు. "చుట్టూ చూడాలంటే నువ్వు తల తిప్పక్కర్లేదమ్మా. ఈ బటన్ తిప్పితే చాలు. దీన్ని టోపీ అంటారు," అన్నాడు.

"ఇన్నాళ్ళూ నాకు టోపీ పెట్టినవాళ్ళనే చూశాను. నేను తిప్పే టోపీ కూడా ఒకటుందన్నమాట," అంది అమ్మమ్మ.

మావయ్య ఆ మధ్యాహ్నమంతా కూర్చుని టోపీ బటన్ని ఆమె చేతికి తగ్గట్టు సెట్ చేశాడు. అమ్మమ్మ ముందు ఎడమవైపు చూసింది. తర్వాత కుడివైపు. ఆ తర్వాత బటన్ని అలాగే నొక్కిపట్టి వెనక్కి చూసింది. విమానం తోక కనిపించింది. "వెనక్కి తిరిగి చూసి రెండేళ్ళయిందిరా," అని కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి విమానాన్ని లేపడం నేర్చుకుంది, తిప్పడం నేర్చుకుంది. దింపడమే మిగిలింది. దింపేముందు రన్‌వే పక్కనుంచి వెళ్తూ ఎడమవైపు చూస్తుండాలి. రన్‌వే చివర రెక్క దాటి వెనక్కి వెళ్ళగానే మలుపు తిరగాలి. ఆ ఒక్క చూపు కుదరాలి.

"వచ్చే ఆదివారం మీ మావయ్య వస్తాడు. వాడి ముందు నేనొక్కదాన్నే దింపాలి. నువ్వు చెయ్యి పెట్టావో, ఊరుకోను," అంది అమ్మమ్మ.

"నేనెందుకు పెడతాను!" అంది తూనీగ.

బుధవారం స్కూలు నుంచి వస్తూ వస్తూ తూనీగ పక్కింటి పొడుగుని వెంటబెట్టుకొచ్చింది. ఆ అమ్మాయి క్లాసులో అందరికన్నా ఎత్తు, అందుకే పొడుగు. ఎవరు ముందు విమానం దింపుతారో చూసుకుందామని దారిలోనే పందెం వేసుకున్నారు. అమ్మమ్మ మందుల షాపుకి వెళ్ళింది.

తూనీగ పైకి చూద్దామని టోపీ బటన్ని పైకి తోసింది. చూపు కిందికి పోయింది. కిందికి లాగితే పైకి పోయింది. పైగా నత్తలా కదులుతోంది.

"ఛీ, అంతా తలకిందులుగా ఉంది! మావయ్య తప్పు సెట్ చేశాడు," అంది తూనీగ.

సెట్టింగ్స్ తెరిచింది. 'రివర్స్' అన్నచోట ఉన్న టిక్కు తీసేసింది. చూపు వేగాన్ని ఇరవై నుంచి తొంభైకి లాగింది. 'సేవ్' నొక్కింది.

"మరి మీ అమ్మమ్మకి?" అని అడిగింది పొడుగు.

"అమ్మమ్మకేం, రెండుసార్లు ఆడితే అలవాటైపోతుంది. కరెక్ట్‌గా ఉంటే ఆమెకే మంచిది కదా!"

పందెంలో తూనీగే గెలిచింది. పొడుగుకి ఆ చూపు కుదరక ఆమె విమానం రెండుసార్లు కొండని గుద్దింది.

సాయంత్రం అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. విమానాన్ని లేపింది. మబ్బుల్ని చూద్దామని బొటనవేలు కదిపింది. మబ్బులకి బదులు తెర మీద పైలట్ కాళ్ళ దగ్గరుండే పెడల్స్ కనిపించాయి.

"ఇదేంటి?"

ఎడమవైపు తిప్పింది. తెర గిర్రున తిరిగి తోక దగ్గర ఆగింది. రన్‌వే ఎటు పోయిందో తెలియలేదు. వెతుకుతుండగానే విమానం వెళ్ళి సముద్రంలో పడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ పడింది. మూడోసారి కూడా అంతే.

తూనీగ పక్కనే బల్ల దగ్గర హోంవర్క్ చేస్తోంది. "నేనే మార్చాను అమ్మమ్మా," అనే మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా అమ్మమ్మ జాయ్‌స్టిక్ వదిలేసి తన చేతినే చూసుకుంటూ కూర్చుంది.

"వేళ్ళు నా మాట వినడం లేదే. మొన్నటిదాకా బాగానే చేశానుగా?"

ఇప్పుడు చెబితే తిడుతుంది, రేపు చెబుదాం అనుకుంది తూనీగ. రేపు వచ్చింది. గురువారం కూడా అమ్మమ్మ విమానం నీళ్ళలోనే పడింది. తూనీగ పెన్సిలు చెక్కుకుంటూ ఊరుకుంది.

శుక్రవారం అమ్మమ్మ ఆట జోలికే పోలేదు. స్కూలు నుంచి రాగానే తూనీగని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నేను పన్నెండో ఎక్కం చెబుతాను. ఎక్కడైనా తప్పితే చెప్పు."

"ఎందుకమ్మమ్మా?"

"చెప్పమన్నాను కదా."

పన్నెండు ఒకట్ల నుంచి పన్నెండు పదుల దాకా అమ్మమ్మ ఎక్కడా ఆగకుండా చెప్పింది. ఒక్క తప్పు లేదు. అయినా ఆమె మొహంలో వెలుగు లేదు.

"ఎక్కాలు గుర్తున్నాయి. మరి ఈ బటన్ ఎందుకు గుర్తుండటం లేదే? మెడ పోయింది, సరే. ఇప్పుడు బుర్ర కూడా పోతోందా?"

తూనీగ లెక్కల పుస్తకం తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి వంటింట్లోంచి అమ్మ ఫోన్లో మాట్లాడటం వినిపించింది. "అవును డాక్టర్ గారూ, మా అమ్మకే. ఏది పైకో, ఏది కిందికో తికమక పడుతోందట. చాలా భయపడుతోంది. సోమవారం తీసుకురమ్మంటారా?"

తూనీగ తీసిన ఒక్క టిక్కు డాక్టర్ దాకా వెళ్ళింది. గుట్టుచప్పుడు కాకుండా పాతది పెట్టేస్తే గొడవ వదిలిపోతుందనుకుని గబగబా కంప్యూటర్ ముందు కూర్చుంది. సెట్టింగ్స్ నిండా గళ్ళే. రివర్స్ అని రెండుచోట్ల ఉంది. పైకీకిందికీ ఒకటి, పక్కలకి ఒకటి. తను తీసింది ఏది? వేగం ఎంత ఉండేది? పాతది ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఒకటి నొక్కింది, ఇంకోటి నొక్కింది. చివరికి ఎడమకి తిప్పితే కుడివైపు కనిపించడం మొదలైంది.

శనివారం పొద్దున్న అమ్మమ్మ మిషన్ ముందు కూర్చుని మందపాటి గుడ్డతో సంచీ కుడుతోంది.

"ఏం సంచీ అమ్మమ్మా?"

"జాయ్‌స్టిక్‌కి. రేపు మీ మావయ్య తీసుకుపోతాడు. ఊరికే ఇస్తే గీతలు పడతాయి. ఇంకెవరైనా ఆడుకుంటారులే."

ఆమె చేతులు కుదురుగానే పనిచేస్తున్నాయి, కుట్టు గీత గీసినట్టు వస్తోంది. తూనీగకి ఇక ఉండబట్టలేదు.

"అమ్మమ్మా, నీ బుర్ర బాగానే ఉంది. నేనే మార్చేశాను."

మిషన్ ఆగింది. "ఏం మార్చావు?"

"టోపీ బటన్. పొడుగుతో పందెం కోసం నాకు కావాల్సినట్టు పెట్టుకున్నాను. నిన్న మళ్ళీ పాతది పెడదామని చూస్తే ఇంకా పాడైంది."

అమ్మమ్మ కుర్చీతో సహా ఆమె వైపు తిరిగింది. "ఎప్పుడు మార్చావు?"

"బుధవారం."

"అంటే మూడు రోజులు. మూడు రోజులు నేను లోపల్లోపల ఏడుస్తుంటే, ఎక్కాలు అప్పజెప్పుకుంటుంటే, నా ఎదురుగా కూర్చుని చూశావు కదూ?"

తూనీగ తల దించుకుంది. కన్నీళ్ళు టపటపా నేలమీద పడ్డాయి.

"బటన్ మార్చినందుకు కాదే నాకు బాధ," అంది అమ్మమ్మ. "నాకు టోపీ పెట్టావు చూడు, అందుకు."

అమ్మమ్మ దారం తెంపి, సంచీ పక్కన పడేసింది.

"ఏడుపు తర్వాత. ముందు వెళ్ళి మీ అమ్మకి చెప్పిరా. డాక్టర్ దగ్గరికి వెళ్ళే పని లేదని నీ నోటితోనే చెప్పాలి."

అమ్మ దగ్గర తూనీగకి బాగానే పడ్డాయి చివాట్లు. అన్నీ విని, ముక్కు తుడుచుకుని తిరిగొచ్చింది.

"మావయ్యకి ఫోన్ చేసి పాతది ఎలా ఉండేదో అడగనా?" అంది.

"వాడెందుకు? చెయ్యి నాది, నన్నడుగు. టైలరమ్మ మనవరాలివి, ఎవరైనా కొలత తీసుకోకుండా గుడ్డ కోస్తారటే? నీ కొలతకి కుట్టిన గౌను నాకు తొడిగితే ఎట్లా ఉంటుంది?"

తలుచుకుంటే తూనీగకి ఏడుపులోనే నవ్వొచ్చింది. పుస్తకం, పెన్సిలు తెచ్చుకుని కంప్యూటర్ దగ్గర అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"కళ్ళు మూసుకో అమ్మమ్మా. ఆలోచించకుండా చెయ్యాలి. నువ్విప్పుడు విమానంలో ఉన్నావు, ఆకాశం చూడాలి. బటన్ ఎటు తిప్పుతావు?"

అమ్మమ్మ బొటనవేలితో బటన్ని తటాలున తనవైపు లాగింది.

"కిందికా? ఎందుకలా?"

"కిందికేంటే, వెనక్కి! తల వెనక్కి వాలిస్తేనే కదా ఆకాశం కనిపించేది. విమానం ముక్కు పైకి లేవాలన్నా కర్ర వెనక్కే కదా లాగుతాం."

తూనీగ తన తల వెనక్కి వాల్చి చూసింది. ఇంటి కప్పు కనిపించింది. నిజమే! తను తలకిందులు అనుకున్నది అమ్మమ్మకి తిన్నగానే ఉంది. పుస్తకంలో 'పైకి అంటే వెనక్కి' అని రాసుకుని, సెట్టింగ్స్‌లో పైకీకిందికీ ఉన్న రివర్స్ దగ్గర టిక్కు పెట్టింది.

"ఎడమవైపు?"

బొటనవేలు ఎడమకే వెళ్ళింది. నిన్న పొరపాటున పెట్టిన టిక్కు తీసేసింది.

వేగం దగ్గర ఆలస్యమైంది. పదిహేను పెడితే "నిద్రొస్తోందే" అంది అమ్మమ్మ. ముప్పై పెడితే "కళ్ళు తిరుగుతున్నాయి" అంది. విప్పడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ చూడటం. ఇరవై రెండు దగ్గర అమ్మమ్మ ఎడమకీ కుడికీ చూసి, "ఆ, ఇప్పుడు ఒంటికి సరిపోయింది," అంది. తూనీగ దాన్ని 'అమ్మమ్మ' అని పేరు పెట్టి సేవ్ చేసింది. తనది వేరేగా ఇంకో పేరుతో సేవ్ చేసుకుంది.

ఆదివారం మావయ్య వచ్చాడు. అమ్మ, పొడుగు కూడా వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. అమ్మమ్మ విమానం లేపింది. రన్‌వే పక్కనుంచి వెళ్తూ ఎడమవైపు చూపు తిప్పింది. రన్‌వే చివర రెక్క దాటి వెనక్కి జరిగింది.

"ఇప్పుడు," అంది తనలో తనే. మలుపు తిరిగింది.

విమానం కొంచెం వంకరగా దిగుతోంది. తూనీగ చేతులు జాయ్‌స్టిక్ వైపు పోబోయాయి. రెండు చేతులూ గట్టిగా కట్టుకుంది. చక్రాలు ఒకసారి నేలని తాకి ఎగిరాయి, మళ్ళీ తాకాయి. విమానం రన్‌వే దాటి పక్కన గడ్డిలోకి దూసుకుపోయి, అక్కడ ఆగింది. ఒక్క ముక్క కూడా విరగలేదు.

"దింపేశావమ్మా!" అని మావయ్య చప్పట్లు కొట్టాడు.

"గడ్డిలో దింపానురా," అంది అమ్మమ్మ. అని, టోపీ తిప్పి తను వచ్చిన దారంతా వెనక్కి చూసుకుంది. ఆ చూపు చాలాసేపు అలాగే ఉంచింది. ఎవరూ తొందరపెట్టలేదు.

తర్వాత పొడుగు వంతు వచ్చింది. "ఇవాళ కూడా నువ్వే గెలుస్తావులే. నాకిది చేతికి రాదు," అంటూ కూర్చుంది.

తూనీగ ఒక్క క్షణం ఆగింది. బుధవారం తను గెలిచింది ఎందుకో ఇప్పుడు ఆమెకి బాగా తెలుసు. సెట్టింగ్స్ తెరిచి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన 'పొడుగు' అని రాసింది.

"కళ్ళు మూసుకో. ఆలోచించకుండా చెప్పు. ఆకాశం చూడాలంటే నీ వేలు ఎటు పోతుంది?"

ఆ రోజు పొడుగు తూనీగని మూడు ఆటల్లో మూడుసార్లూ ఓడించింది. నాలుగో ఆటకి కూడా తూనీగే పిలిచింది.