ఇంకో రెండు రోజులు

"ఇంకో రెండు రోజులు కంచె అవతలే ఉంచాలండీ," అన్నాను. ఆ మాట అనడం అది నాలుగోసారి.

టీచరుగారు తన ఎర్రగుర్రం జూలు దువ్వుతూ నిలబడింది.

వాళ్ళ నాన్నగారికి మోకాళ్ళు సహకరించక గుర్రాన్ని మా శాలకి పంపేశారు. అది మా మందలో కలిసేదాకా రోజూ బడి అయ్యాక వస్తానని ఆమె మొదటిరోజే చెప్పింది. కలిశాక ఆమెకిక్కడ పనేముంటుంది?

ఆ మొదటిరోజు, దాన్ని నేరుగా మందలోకి తోలేస్తానేమోనని నా మీద విరుచుకుపడింది కూడా. నేను ఓపిగ్గా మా పద్ధతి చెప్పాను. ముందు రెండు వారాలు విడిగా ఉంచి జబ్బులేవీ లేవని చూసుకుంటాం. తర్వాత కంచెకి అటొకటి ఇటొకటి. ఆ తర్వాత నెమ్మదైన గుర్రం ఒక్కదానితో, చివరికి మంద మొత్తంతో. తొందరపడితే తన్నుకుని కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. అంతా విని ఆమె నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది.

నిజానికి కంచె దగ్గర పని పూర్తయి వారం దాటింది. మా ముసలి తెల్లగుర్రమూ కొత్తదీ పొద్దున్నే కంచె మీదుగా మెడలు చాచి ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కుంటున్నాయి. సాయంత్రం ఆమె వచ్చే వేళకి నేను ముసలిదాన్ని లోపల కట్టేస్తున్నాను. కొత్తది దానికోసం సకిలిస్తుంటే పాపమనిపించేది. అయినా గేటు చప్పుడైతే చాలు, నా బుద్ధి గడ్డి తినేది.

"జూల్లో ఈ తెల్లవెంట్రుకలేంటి?" అంది టీచరుగారు.

"వయసు మీద పడుతోందేమోనండీ."

"వారం నుంచీ చూస్తున్నాను."

నాకిక దాచబుద్ధి కాలేదు. "అది కలిసిపోతే మీరు రారు కదండీ. అందుకే."

ఆమె జూల్లోంచి ఒక తెల్లవెంట్రుక తీసి నా చేతిలో పెట్టింది. "తెలిసీ నేనూ నోరు మెదపలేదు," అంది. "ఇద్దరం కలిసి దాన్ని ఏడిపించాం. గేటు తియ్యండి."

ముసలిదాన్ని తెచ్చి వదిలాను. రెండూ ఒకసారి మూతులు వాసన చూసుకుని, పక్కపక్కనే మేతలో పడ్డాయి. ఆమె బ్యాగు భుజాన తగిలించుకుంది.

"రేపు నేను రాను. మీరే మా ఇంటికి రండి," అంది. "రేపు అమ్మ ఒక్కతే ఉంటుంది. నెమ్మదైన మనిషి. మంద మొత్తం ఆదివారం."