పసిదిబ్బ మీది ఎర్ర చుక్కలు

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఒక పాత మేడ. కింద ఎరువుల కొట్టు, పైన పటాల గది. బోర్డు మీద పెద్ద పేరే రాసుందిగాని, జనం మాత్రం పటాల గదనే అంటారు. ఊరి పాత పటాలన్నీ అక్కడే ఉన్నాయి. గుడ్డకి అంటించినవి, చెదలు కొరికినవి, ఎప్పటి సర్వేవాళ్ళో చేత్తో గీసి రంగులద్దినవి. డ్రాయింగు మేస్టారుగా రిటైరైన నరసింగరావుగారు ఇల్లిల్లూ తిరిగి, అటకలు వెతికించి, బతిమాలి పోగేసినవి. ఎవరైనా రావచ్చు, చూడొచ్చు. తాతగారి ఇల్లు ఏ సందులో ఉండేదో వెతుక్కుని, దొరికాక అద్దం మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయేవాళ్ళు ఎందరో.

అనూరాధ అక్కడ పనిచేసేది. పటాల్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో మరకలు తుడిచి, అందరూ ఫోన్లలో చూసుకునేలా పెట్టడం ఆమె పని. రోజూ ఆమదాలవలస నుంచి ఆటోలో వచ్చేది. పెద్ద చదువు లేదు. కానీ పటం మీద నది నీలిగీత చూస్తే చాలు, ఎవరో ఆరేసిన చీర గాలికి మెలికలు తిరుగుతున్నట్టు అనిపించి, పని మానేసి కలల్లోకి జారిపోయేది. మేస్టారు చూసి నవ్వేవారు. ఆయన మొదటిరోజే ఆమెకి ఒక్క మాట చెప్పారు. కాలం పెట్టిన మరక తియ్యొచ్చు, మనిషి పెట్టిన గుర్తు మాత్రం తియ్యకూడదు అని.

అన్నిటికన్నా పెద్ద పటం లోపలి గదిలో అద్దం బల్ల కింద ఉండేది. అందులో ఊరికి దిగువన, నది వంపు తిరిగేచోట, పసిదిబ్బ అని సన్నటి అక్షరాలు. ఆ పేరు చుట్టూ ఆవగింజలంత ఎర్ర చుక్కలు. వలలోళ్ళ వీధిలో పాలు మరవని పిల్లలు పోతే కాల్చరు. ఆ దిబ్బ ఇసుకలో పెడతారు. ఏటా తొలివానలు పడ్డాక తల్లి వెళ్ళి ఆ చోట ఇన్ని పాలు పోసి వస్తుంది. అది నది ఇసుక కదా. వరదొచ్చిన ప్రతిసారీ చదునైపోతుంది. రాయి పెడితే రాయి పోతుంది, మొక్క నాటితే మొక్క పోతుంది. అందుకే ఎవరో దయగల సర్వేయరు, తల్లులు ఏడుస్తూ చూపించిన చోటల్లా ఒక్కో చుక్క పెట్టుకుంటూ పోయాడట.

ఆ తల్లులంతా పోయారు. ఒక్క అసిరమ్మ మిగిలింది. బజార్లో చేపలమ్మే ముసలమ్మ. తన కూతురూ ఆ దిబ్బలోనే ఉంది. వానలు మొదలవగానే వచ్చేది. చెప్పులు మెట్ల మీదే వదిలి, తలమీద కొంగు కప్పుకుని, రేవు మెట్ల నుంచి ప్రతి చుక్కకీ అద్దం మీద వేళ్ళతో కొలుచుకుని, దిబ్బకెళ్ళి ఆ చోట్లన్నిటా పాలు పోసేది. అనూరాధని చూస్తే ఆమెకి సరదా. పెళ్ళెప్పుడే, ఆ బండబ్బాయి మేడ కింద హారను కొడతంటే ఏట్లో సేపలు బెదిరిపోతన్నాయి అని ఏడిపించేది. ఒకసారి అనూరాధే అడిగింది, ఇన్నేళ్ళైనా అందరి పిల్లలకీ నువ్వే ఎందుకు పోస్తావు మామ్మా అని.

“ఆకలేస్తే పిల్లలు తల్లిని ఎతుక్కుంటారమ్మా,” అంది అసిరమ్మ. “తల్లి నేకపోతే, ఎవులు దొరికితే ఆల్ని పట్టుకుంటారు. పసోళ్ళకి తెలీదు కదా.”

ఆ బండబ్బాయి పేరు నాగబాబు. నరసన్నపేటవాడు. మేనమామతో కలిసి ప్లాట్లు వేస్తుంటాడు. ఊరి పాత పటం చూద్దామని వచ్చి, పటం కన్నా అనూరాధని ఎక్కువ చూశాడు. అరసవల్లి తీసుకెళ్ళి పూలు కొనిపెట్టాడు. మనసులో ఆమె అతన్ని బావా అని పిలుచుకునేది. నది వంపు దగ్గర మొదటి ప్లాటు మనదే అన్నాడతను. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. కిటికీ తీస్తే నాగావళి. వరండా మీద సన్నజాజి. ఉయ్యాల ఏ దూలానికి కట్టాలో కూడా అనుకుంది పిచ్చిది.

ఆ తర్వాతే అతను ఎర్ర చుక్కల మాట ఎత్తాడు. జనం కొనేముందు ఫోన్లో పాత పటం చూసుకుంటున్నారట. పసిదిబ్బ అంటే వెనక్కి పోతున్నారట. ఎప్పుడో గీసిన మరకలు, ఎవరు చూడొచ్చారు అన్నాడు. అతను గట్టిగా అడగలేదు. అలిగాడు. రెండుసార్లు ఫోనెత్తలేదు. అంతే.

కంప్యూటర్లో ఆ చుక్కల మీద కాగితం రంగు కప్పేయడానికి ఎంతోసేపు పట్టలేదు. పేరు కూడా కప్పేసింది. మేస్టారు ఎప్పుడైనా అసలు పటంతో పోల్చి చూస్తే? ఆ భయంతో ఒక మధ్యాహ్నం అద్దం ఎత్తి, తడి దూదితో అసలు పటం మీద కూడా అద్దింది. పాత ఎర్రసిరా. ఎదురుచూస్తున్నట్టే వదిలొచ్చేసింది. దూది గులాబీరంగైంది. చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. రుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకుంది. వంతెన మీంచి ఏట్లో పడేద్దామనుకుంది, పడెయ్యలేదు. విచిత్రమేమిటంటే ఎన్నాళ్ళైనా ఆ దూది ఆరలేదు. బ్యాగు తెరిచినప్పుడల్లా రుమాలు చెమ్మగానే తగిలేది. కొంచెం వెచ్చగా కూడా.

అది హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటేడు. వానలు మొదలయ్యాయి.

ఆ రోజు మేస్టారు విజయనగరం వెళ్ళారు, ఎవరో పాత కోట పటం ఇస్తామంటే. పొద్దు ఇంకా ఉండగానే మబ్బు కమ్మేసింది. అసిరమ్మ తడుస్తూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో మూతపెట్టిన ఇత్తడి చెంబు. చెప్పులు విప్పింది. కొంగు కప్పుకుంది. బల్ల దగ్గరికెళ్ళి, రేవు మెట్ల మీద వేలు పెట్టి, కొలవడం మొదలుపెట్టింది.

వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మొదటికొచ్చి కొలిచింది. మళ్ళీ ఆగాయి.

“గురుతులేవీ తల్లీ?” అంది మెల్లగా.

అనూరాధ చెప్పేద్దామా అనుకుంది. చెబితే కొలువు పోతుంది, నాగబాబు పోతాడు, ఆ ఇల్లూ ఉయ్యాలా అన్నీ పోతాయి.

“ఇక్కడ ముందు నుంచీ ఏమీ లేవు మామ్మా. నువ్వే వేరే పటం అనుకుంటున్నావు.”

అసిరమ్మ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. చేపల కళ్ళలో తాజాదనం చూసి పట్టేసే చూపు అది.

“అయితే ఈ పాలు ఇక్కడే ఉండనీ,” అంది. “గురుతులు నేకపోతే నాకు అందరి సోట్లూ తెలీదు. తెలిసినోలే పోత్తారు.”

చెంబు బల్ల మీద పెట్టి దిగి వెళ్ళిపోయింది.

తర్వాత కాసేపటికే కరెంటు పోయింది.

ఇంటికి బయల్దేరదామని బ్యాగు భుజాన వేసుకుని కిటికీలు మూస్తుంటే వాన రేకుల మీద దబదబా కొడుతోంది. నాఫ్తలిన్ ఉండల వాసన, తడి గోడల వాసన, మైదా జిగురు వాసన... ఆ గదిలో రోజూ ఉండేవే. వాటి అడుగున ఇంకేదో ఉంది. విరగబోతున్న పాల వాసన. చెంబు ఒలికిందేమో అని వెళ్ళి చూసింది.

మూత పక్కన పడుంది. చెంబు ఖాళీ. బల్ల మీద ఒక్క చుక్క తడి లేదు.

అప్పుడు వినిపించింది. సన్నగా. పిల్లికూనేమో అనుకుంది. పటాల సొరుగుల వెనక దూరిందేమో... వంగి చూసింది. లేదు. మళ్ళీ వినిపించింది. ఈసారి ఇంకోటి జతకలిసింది. తర్వాత ఇంకోటి. గొంతు పూర్తిగా విప్పడం కూడా రాని ఏడుపులు. ఒకటి ఆపితే ఒకటి అందుకుంటోంది. అన్నీ ఆ బల్ల దగ్గర నుంచే.

నాగబాబుకి ఫోన్ చేసింది. దిబ్బ జోలికి పోవద్దని, అంతా చెప్పేస్తానని ఏదేదో అంది. అతను నవ్వాడు. వానలు ముదిరిపోతాయని పొద్దున్నే జేసీబీతో చదును చేయించేశారట. ఏమీ లేదట అక్కడ, ఉత్త ఇసుకేనట.

“అది సరేగాని,” అన్నాడు, “ఎవరి పిల్లే అది నీ దగ్గర? అంతలా ఏడస్తన్నాది?”

ఫోన్ చెయ్యి జారింది.

కింద పడ్డ ఫోన్ లైటు అద్దం బల్ల మీదికి పడింది. అనూరాధ చూసింది. అద్దానికి ఆవిరి పట్టింది. పైనుంచి కాదు... లోపలి వైపు నుంచి. నది వంపు దగ్గర చిన్న చిన్న గుండ్రాలు. ఊపిరి వదిలితే అద్దం మీద పడేలాంటివి. ఒకటి చెదిరి మళ్ళీ పడుతోంది. పసినోరంత ఉంది ఒక్కోటి.

ఎవరో చెప్పినట్టే కదిలింది ఆమె. ఏడుస్తూనే అద్దం పక్కకి జరిపింది. మేస్టారి ఎర్రసిరా పెన్ను తీసింది. ఊపిరి పడ్డ చోటల్లా, గుర్తున్నంత వరకు, ఒక చుక్క... తప్పైపోయింది... ఇంకో చుక్క... తప్పైపోయింది... పెట్టిన ప్రతి చుక్కకీ ఒక ఏడుపు ఆగింది. పాలు అందిన పిల్ల ఎలా ఆగుతుందో అలా. చప్పరింపు కూడా వినిపించింది.

ఒక్కో గొంతూ తగ్గి, తగ్గి, చివరికి ఒక్కటే మిగిలింది.

అద్దం మీద ఇక ఆవిరి లేదు. ఇది ఏ చోటిది? రేవు మెట్లకి దగ్గరదా? వంపు అవతలిదా? మిగిలింది అసిరమ్మ కూతురే అయితే, ఆమె వేలు ఎప్పుడూ ఎక్కడ ఎక్కువసేపు ఆగేది? కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయింది. ఉయ్యాల కట్టాలనుకున్న దూలమే గుర్తొచ్చింది. ఒక చోట పెట్టింది. ఏడుపు ఆగలేదు. ఇంకోచోట పెట్టింది. ఆగలేదు. అప్పుడు అర్థమైంది ఆమెకి.

ఆ ఏడుపు పటంలోంచి రావడం లేదు.

భుజం మీద ఉన్న బ్యాగులోంచి వస్తోంది.

బ్యాగు అక్కడే విసిరేసింది. తాళం కూడా వెయ్యలేదు. గోడ పట్టుకుని చీకట్లో మెట్లు దిగింది. ఎరువుల కొట్టు షట్టరు మూసి ఉంది. వీధి మీద వాన తెరలు తెరలుగా పడుతోంది. కుడివైపు వెళ్తే వలలోళ్ళ వీధి. అసిరమ్మ ఇల్లు రెండు సందుల అవతల. వెళ్ళి కాళ్ళ మీద పడి, చుక్కలు నేనే చెరిపాను, నీ కూతురి చోటు చూపించు మామ్మా అంటే చాలు. తన బిడ్డ చోటు ఆమె వేలికి తెలుసు, చూపిస్తుంది. ఆ ఒక్క చుక్కా పెట్టేయొచ్చు. ఎడమవైపు ఆమదాలవలస వెళ్ళే ఆటో బయలుదేరబోతోంది.

రేపు చెబుతాను అనుకుంది అనూరాధ. రేపు తప్పకుండా. ఎడమవైపు పరిగెత్తింది.

ఆటోలో డ్రైవరు కాక ఒకే ఒక మనిషి ఉంది, కూరలమ్ముకుని ఇంటికెళ్తున్న పెద్దావిడ, ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని. అనూరాధ ఎదురుగా కూర్చుంది. ఆటో కదిలింది. ఊరు దాటేసరికి వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. చెవులు రిక్కించి విన్నది. లేదు. ఏడుపు ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని వెనక్కి వాలింది.

అప్పుడు పెద్దావిడ ఆమెవైపు చూసింది. చున్నీ మీదికి చూసి, ఆడవాళ్ళు మర్యాదకి తిప్పుకున్నట్టు, చూపు పక్కకి తిప్పుకుంది. డ్రైవరుకి అద్దంలో కనపడకుండా తన తట్ట ఎత్తి అడ్డం పెట్టింది.

“వానజల్లు కొడతన్నాది,” అంది గుసగుసగా, “బాగా కప్పుకోయే. ఇప్పుడే కదా పట్టుకున్నాది, బెదిరిపోద్ది.”

అనూరాధ కదల్లేదు. ఒళ్ళంతా వాననీటికి చల్లగా ఉంది. రొమ్ముల దగ్గర ఒక్కచోటే వెచ్చగా తడుస్తోంది. ఒళ్ళో ఏదో బరువు, కుదురుగా సర్దుకుంటోంది. పాల వాసన వస్తోంది.

చున్నీ ఎత్తి చూసుకోవడానికి ఆమెకి చెయ్యి రాలేదు.