ఖాళీ పళ్లెం కింద చలి

ట్రామ్‌లో కూర్చున్న డాక్టర్ గుస్తావ్ కూర్చున్నట్టే పోయాడు. ఒంటిమీద గాటైనా లేదు. కోసి చూస్తే, గుండె రక్తనాళంలో ప్లేట్‌లెట్లు తిరునాళ్లలో జనంలా ఒకదాన్నొకటి వాటేసుకుని దారి మూసేశాయి. కాపలా ఉండాల్సిన గూఢచారి సెవెరిన్ అప్పుడు వెనక పెట్టెలో సిగరెట్ కాలుస్తున్నాడు.

అప్పటి నుంచీ నెల రోజులుగా సెవెరిన్ చెవిలో గుస్తావ్ గొంతు ఒకటే పాట: "ఆలస్యమైందోయ్!"

క్రిస్మస్ ముందురోజు పోలండ్‌లోని క్రాకోవ్ ఆఫీసుకు కల్నల్ అతన్ని పిలిచాడు.

"ఏమోయ్, ఈసారి ప్రొఫెసర్ లుద్విక వంతు. ప్లేట్‌లెట్లను అతికించే విషం విదేశీ ముఠా చేతిలో ఉంది."

"విరుగుడు సార్?"

"మన రక్తనాళాల గోడలే ఊరించే మందు. 'అతుక్కోకండర్రా, పదండి పదండి' అని ప్లేట్‌లెట్లను తోలుతుంది, నాళాన్ని వదులు చేస్తుంది. వెచ్చబడిందా, నిమిషాల్లో చస్తుంది. గుస్తావూ ఆవిడా చెరో ఆంపూల్, అంటే చిన్న గాజుగొట్టంలో మందు, తయారుచేశారు. గుస్తావ్‌ది మంచు నింపిన రేకు డబ్బాతో సహా జేబులోంచి మాయం. ఆవిడది కిటికీ బయట మంచులో ఉంది. ఆ ఇంట్లో బోగ్నా ఉంటుంది, మన మనిషే. కోడ్ మాట, 'చేప నిద్రపోయింది'."

తొలి చుక్క పొడిచే వేళకు సెవెరిన్ క్రిస్మస్ తాతలా తెల్లగడ్డం అంటించుకుని లుద్విక ఇంటి తలుపు తట్టాడు. ఆ పూట ఇంటింటా అనుకోని అతిథికీ, పోయినవాళ్లకీ ఒక ఖాళీ పళ్లెం వేసి ఉంచుతారు.

"రండి తాతా, మీ కోసమే వేశాం," అంది లుద్విక.

నెమలిలాంటి బోగ్నా, "చేప నిద్రపోయింది," అని కన్నుగీటి, సిగరెట్ నుసి ఆ పళ్లెంలోనే దులిపింది.

సెవెరిన్ ఆ నుసికేసి చూశాడు. పోలండ్ తల్లి కన్న బిడ్డ ఎవరూ ఆ పని చెయ్యరు, ఇది విదేశీ ముఠా మనిషే!

నోరు తెరిచేలోగా బోగ్నా పలచటి పండగ రొట్టె విరిచి, శుభాకాంక్షలంటూ లుద్వికను కౌగిలించుకుంది. ఉంగరంలో సూది. లుద్విక పెదవులు నీలమయ్యాయి, మనిషి కూలిపోయింది.

సెవెరిన్ బోగ్నాను కుర్చీకి కట్టేసి కిటికీకేసి ఉరికాడు.

"ఆంపూలా? మధ్యాహ్నమే పొయ్యిమీద పెట్టేశా తాతా!" పకపకా నవ్వింది బోగ్నా.

"ఆలస్యమైందోయ్," అంది చెవిలో గుస్తావ్ గొంతు. వెంటనే, "నా పళ్లెం ఎత్తు," అంది.

ఎత్తాడు. కింద మంచు పట్టిన రేకు డబ్బా. అందులో ఆంపూల్, సిరంజి, ఓ ట్రామ్ టికెట్. మందెక్కించి లుద్వికకు సూది గుచ్చాడు. ఆగిపోబోయిన నాడి తడబడి, నిలదొక్కుకుంది. పెదవులకు ఎరుపు తిరిగింది.

"దాని కింద నేనేమీ పెట్టలేదే!" అంది లుద్విక కళ్లు తెరిచి, ఎత్తిన పళ్లెం చూసి.

మర్నాడు కల్నల్ నెత్తి గోక్కున్నాడు. "వెచ్చబడితే నిమిషాల్లో చచ్చే గుస్తావ్ మందు నెల్లాళ్లు ఎట్లా బతికిందోయ్?"

"ఆయన ఉన్నచోట చలి ఎక్కువేమో సార్."