క్లెమ్ కిటికీ

...దొంగతనమే అయితే ఇంత శుభ్రంగా ఎందుకుంది? పగిలిన గాజుముక్క ఒక్కటి దొరికినా బుర్రకు ఆనుకోవడానికి ఏదో ఉండేది. ఈ శుభ్రతే తనను ఉడికిస్తోందని సార్జెంట్ డెనిస్ ట్రెంబాత్‌కు తెలుసు. తెలిసినంత మాత్రాన ఉడుకు తగ్గలేదు.

ఆదివారం సాయంత్రం కిటికీ ఉంది. సోమవారం ఉదయం లేదు. చర్చి గోడలో, చేతికందే ఎత్తులో, రంగుటద్దాల చిన్న కిటికీ. దాని చోట ఇప్పుడు చెక్క బిగించి ఉంది. అంచుల్లో పుట్టీ. కింద నేల ఊడ్చి ఉంది.

బంగారు గనులున్నప్పుడు ఊరికి దిక్కయిన మెథడిస్టు చర్చి, పక్కనే దాని హాలు. గనులు పోయాయి. చర్చి మూతపడింది. రెండిటినీ బిల్డర్ క్రెయిగ్ మాలిన్స్ కొన్నాడు. కూల్చి ఫ్లాట్లు కడతానంటున్నాడు. రేపు ఉదయం బెండిగో పట్నంలో, పాత కట్టడాలను కాపాడే హెరిటేజ్ ప్యానెల్ విచారణ. రక్షిత కట్టడాల జాబితాలో చేరితే రెండూ నిలుస్తాయి. లేకపోతే బుల్‌డోజర్.

“ఒక్క కిటికీకే కేసు పోతుందా?” ఫోన్లో అడిగాడు డెనిస్.

“పోతుంది,” అంది హెరిటేజ్ సలహాదారు ఫియోనా. “గని కుటుంబాలు తమ చేతులతో నింపుకున్న చర్చి అన్నదే నా వాదన. మిగతా సామాన్లన్నీ ఎప్పుడో వెళ్లిపోయాయి. చూపించడానికి నాకు మిగిలింది అదొక్కటే.”

మాలిన్స్ తన ట్రక్కుకు ఆనుకుని నిలబడ్డాడు.

“కిటికీ పోతే లాభం ఎవరికి?” అడిగాడు డెనిస్.

“నాకే. అందుకే కంప్లైంట్ నేనే ఇచ్చా. లేకపోతే నువ్వు నన్నే పట్టుకుంటావు కదా.”

“ఆదివారం రాత్రి ఎక్కడున్నావు?”

“పబ్బులో. మందు ముట్టని మీ మెథడిస్టులు అడుగుపెట్టని చోటు. కాబట్టి సాక్షులు మీ చుట్టాలు కారు, సార్జెంటూ. నమ్మొచ్చు.”

“చెక్క నువ్వే కొట్టించావా?”

“నేనెందుకు కొట్టిస్తాను? వాన పడి నేల కుళ్లితే కూల్చే పని నాకు సులువు.”

అబద్ధం కాదు. అదే డెనిస్‌కు మింగుడుపడలేదు. దొంగ మాలిన్సే కావాలని పొద్దుటి నుంచి తను కోరుకుంటున్నాడు. దొరకాల్సింది నిజం. తను వెతుకుతున్నది అసహ్యించుకోవడానికి ఒక మనిషిని.

మధ్యాహ్నం ఇంట్లో రొట్టె కోస్తూ తలెత్తాడు. వంటింటి గోడ మీద కీర్తనల నంబర్లు పెట్టే బోర్డు. తాత జ్ఞాపకంగా వాళ్లమ్మ చర్చికి ఇచ్చింది. చర్చి మూసినప్పుడు ఎవరు ఇచ్చింది వాళ్లు ఇంటికి తెచ్చుకున్నారు.

కత్తి అక్కడే వదిలేసి బయల్దేరాడు.

ఊనా రౌస్ తలుపు తీసింది. చిన్నప్పుడు చర్చి సండే స్కూల్లో అతనికి పాఠం చెప్పిన మనిషి.

“కిటికీ ఎక్కడుంది, మిసెస్ రౌస్?”

“మంచం మీద. నేను సోఫాలో పడుకుంటున్నా. నడుం పట్టేసింది.”

అతను కూర్చున్నాడు. “దొంగైతే రంధ్రం వదిలేసి పోతాడు. మాలిన్స్‌కు వాన కావాలి. చర్చిలోకి చుక్క నీరు పడకూడదనుకునే మనిషే చెక్క కొట్టింది. అందరూ తమ వస్తువులు తెచ్చుకున్నారు, నేనూ తెచ్చుకున్నా. మాకెవరికీ అది దొంగతనంలా అనిపించలేదు. అందుకే నాకు తట్టలేదు. మీ అమ్మ ఇచ్చిన కిటికీ ఒక్కటే గోడలో ఉండిపోయింది.”

“గోడతో పాటు అమ్మేశారు,” అంది. “మా తమ్ముడు క్లెమ్ గనిలో పోయినప్పుడు వాడికి పందొమ్మిదేళ్లు. ఆ హాల్లో అమ్మ మాంసం కూరిన పేస్టీలు అమ్మి, వాడి జ్ఞాపకంగా ఆ కిటికీ పెట్టించింది. ఎన్నిసార్లు మరమ్మతు చేశాడో మా ఆయన, పక్కన నిలబడి పనిముట్లు అందించింది నేను. తీయడం నాకు రాదనుకున్నావా? జాబితాలో చేరితే ఇక గోడలోంచి కదలనివ్వరట. మాలిన్స్‌దే అయిపోతుంది.”

“ఇది లేకపోతే చర్చే ఉండదు. రేపు విచారణలో ఫియోనా చూపించాల్సింది దీన్నే.”

ఆమెకు ఆ మాట తెలియదు. ముఖం పాలిపోయింది.

“ఇందులో నాకు మంచేముంది? పెడితే మాలిన్స్‌ది. పెట్టకపోతే చర్చే లేదు.”

చట్టం మాలిన్స్ పక్షాన ఉంది. అది డెనిస్‌కు మరీ కంపరంగా ఉంది.

“ఫియోనా నివేదిక చదివా,” అందామె. “ఇటుకల రంగు ఉంది. కప్పు వాలు ఉంది. కిటికీ ‘అలంకార గాజు, మంచి స్థితి’ అట. క్లెమ్ ఎక్కడా లేడు.”

“అయితే రేపు మీరే చెప్పండి.”

“అంతమంది ముందా? నాకు మాట రాదురా.”

“నన్ను క్లాసందరి ముందు నిలబెట్టి తిట్టినప్పుడు బాగానే వచ్చింది.”

ఆమె లేచి ఆ నివేదిక తన చేతిసంచిలో పెట్టుకుంది.

డెనిస్ లేచి పడకగదిలోకి వెళ్లాడు. దుప్పటి తొలగించాడు. చర్చికి తీసుకెళ్లడానికి కిటికీ ఒక అంచు రెండు చేతులతో ఎత్తి, రెండో అంచు పట్టుకోవడానికి ఆమె వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.